పురిటింటి పద్దు

మా అమ్మాయికి ఏడో నెల దాటింది. తొలి కానుపు కనుక ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి, అంటే భవానీపురంలోని మా ఇంటికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక జాబితా తెచ్చింది. బిడ్డ పుట్టేలోపల కొనవలసిన వస్తువులట. స్నేహితురాళ్ళ సలహాలూ, దుకాణాల ప్రకటనలూ కలిపి తయారుచేసుకున్నది. మొత్తం నలభై ఏడు. చెక్క ఊయల, చక్రాల బండి, సీసాలను ఆవిరిలో ఉడికించే యంత్రం, బిడ్డ పక్కగదిలో ఏడిస్తే ఈ గదిలో వినిపించే పరికరం, తడిగుడ్డలను వెచ్చబెట్టే పెట్టె, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, ఇంకా ఎన్నో. పక్కన ధరలు కూడా వ్రాసుకుంది. కూడి చూస్తే మా అల్లుడి నెల జీతంలో సగం పైనే తేలింది.

"అమ్మా, ఇప్పుడే కొని పెట్టుకుంటే మంచిది. తరువాత నీకూ నాకూ తీరిక ఉండదు" అంది.

"ముందు కొనకూడదమ్మా" అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు కొనకూడదు? మా అమ్మ నాకు అదే మాట చెప్పింది, అమ్మమ్మ అమ్మకు చెప్పింది. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన నేను, నా ఇంటి చరిత్రలో ఈ చిన్న సంగతిని ఎన్నడూ విప్పి చూడలేదే అని ఆనాడు సిగ్గనిపించింది. ఆ సిగ్గులో నుండి పుట్టినదే ఈ వ్యాసం.

మా ఇంట్లో అమ్మమ్మ నాటి ట్రంకుపెట్టె ఒకటి ఉన్నది. గుడివాడ దగ్గరి పల్లె నుండి అమ్మతోపాటు భవానీపురం చేరింది. అందులో మడతల్లో చిరుగుతున్న నేతచీరలు నాలుగు, ఒక వెండి ఉగ్గుగిన్నె, ఒక పాత బొంత, వీటన్నిటి అడుగున గుడ్డలో చుట్టిన పసిబిడ్డ పట్టుచొక్కా ఉన్నాయి. చొక్కాకు మడత నలగలేదు, గుండీ పెట్టిన జాడ లేదు. దానిని ఎవరూ తొడుక్కోలేదు. దాని కథ చెప్పే ముందు, దానిని అర్థం చేసుకోవడానికి కావలసిన సంగతులు కొన్ని చెప్పుకోవాలి.

మన పల్లెల్లో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, తవిటయ్య అనే పేర్లు నిన్నమొన్నటి వరకూ విరివిగా వినిపించేవి. ఇప్పటి పిల్లలు వాటిని విని నవ్వుతారు. అవి నవ్వు పుట్టించడానికి పెట్టిన పేర్లు కావు. ఒకరిద్దరు బిడ్డలు పోయిన తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకుంటే పెంటయ్య. ఎంగిలి విస్తరాకుల మీద, అంటే పుల్లాకుల మీద, దొర్లిస్తే పుల్లయ్య. చేటలో పెట్టి పొరుగింటి ఆమెకు గుప్పెడు తవుడుకు అమ్మినట్టు అమ్మి మళ్ళీ కొనుక్కుంటే తవిటయ్య. బిడ్డ వెల గుప్పెడు తవుడని మృత్యువును నమ్మించడం అన్నమాట. విలువ లేని వస్తువును దొంగ ఎత్తుకుపోడు కదా! కొత్తగుడ్డ కట్టకపోవడం, పదిమంది బిడ్డలను పెంచిన తల్లి ఇంటి నుండి పాతగుడ్డ అడిగి తెచ్చి తొలిసారి చుట్టడం, బారసాల దాకా పేరే పెట్టకపోవడం, ఇవన్నీ ఆ నమ్మకపు కొమ్మలే.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1951 ప్రాంతపు ప్రభుత్వ అంచనాల ప్రకారం, మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 146 మంది తొలి పుట్టినరోజు చూడలేదు. అంటే ఏడుగురిలో ఒకరు. అంతకు ముందరి దశాబ్దాలలో స్థితి ఇంకా దారుణం. 2020 నాటి నమూనా నమోదు లెక్కలలో ఆంధ్రప్రదేశ్ సంఖ్య 24. ఏడుగురిలో ఒకరు పోయే కాలంలో ఊయల ముందుగా కొని ఇంట్లో పెట్టుకున్న తల్లి, తరువాత ఆ ఖాళీ ఊయలను ఎక్కడ దాచుకుంటుంది? "ముందు కొనకూడదు" అన్న మాటను మనం మూఢనమ్మకం కింద కొట్టిపారేస్తాం. నాకు మాత్రం అది దెబ్బ తిన్నవాళ్ళు తరువాతి వాళ్ళకు చెప్పిన జాగ్రత్తగా కనిపిస్తుంది. డబ్బు ఆదా కావడం దానికి పక్కన దొరికిన ఫలితం మాత్రమే.

ఇప్పుడు చొక్కా సంగతి. అమ్మమ్మ తొలి కానుపు 1936లో. తాతగారు బెజవాడ వెళ్ళినప్పుడు పట్టుముక్క ఒకటి కొని తెచ్చారట. అమ్మమ్మ తానే కత్తిరించి ఎనిమిదో నెలలో చొక్కా కుట్టింది. మగబిడ్డ పుట్టాడు. ఏడో రోజున పాలు పట్టడం మానేశాడు. దవడలు బిగుసుకుపోయాయి. తొమ్మిదో రోజున పోయాడు. దిష్టి తగిలిందని అన్నారు, ముందుగా కొత్తబట్ట కుట్టినందువలననే అన్నారు. అమ్మమ్మ ఆ మాటను చివరిదాకా నమ్మింది. తరువాత కన్న అయిదుగురిలో ఎవరికీ ముందుగా దారప్పోగు కూడా కొననివ్వలేదు.

ఆ తరంలో పురిటింటికి సిద్ధం కావడమంటే కొనడం కాదు, పోగుచేయడం. అయిదో నెల నుండే ఇంట్లోని పాత నేతచీరలను పక్కన పెట్టేవారు. పదేళ్ళు కట్టి ఉతికిన నూలుచీరకు వచ్చే మెత్తదనం కొత్తగుడ్డకు రాదు. ఆ చీరను చింపితే పొత్తిగుడ్డలు, ఇంకా చిన్నగా చింపితే గోచిగుడ్డలు, రెండు మూడు చీరలను పొరలుగా పరిచి చుట్టూ ఇరుకు కుట్టు వేస్తే బొంత, దూలానికి కట్టి వేలాడదీస్తే ఊయల. ఒక్క చీర ఇన్ని అవతారాలెత్తి, ఆఖరున మసిగుడ్డగా వంటింట్లో కడతేరేది. చెక్కతొట్టి ఊరిలో ఒకటో రెండో ఉండేవి. ఎవరింట పురుడైతే ఆ ఇంటికి నడిచిపోయేవి. మూడు చక్రాల నడకబండి సంగతి అంతే. ఒక బిడ్డ నడక నేర్చేసరికి తరువాతి బిడ్డ ఇంటివాళ్ళు వచ్చి అడిగేవారు. ఉగ్గుగిన్నె మాత్రం సొంతం. అది మేనమామ ఇచ్చేది కనుక దానికి వెండి మాట వచ్చేది.

బాలింత తిండికి కూడా కొత్తగా తెచ్చేది తక్కువ. శొంఠి, పిప్పళ్ళు, వాము, బెల్లం, నెయ్యి కలిపిన కాయం ఇంటిలోనే దంచేవారు. ఆముదం ఇంటి గానుగది. సున్నిపిండి ఇంటి పెసలది. కాటుక ఆముదపు దీపం మీద పట్టినది. కుంపటిలో బొగ్గులు, మీద కొంచెం సాంబ్రాణి. కొనవలసిన వస్తువంటూ ఉంటే అది సాంబ్రాణే.

చీరలకు కరువు వచ్చిన రోజులూ ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నూలూ గుడ్డా దొరకక 1943లో నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. జనం నోట అది "కంట్రోలు గుడ్డ" అయింది. మా చిన్న మేనమామ 1944లో పుట్టాడు. కట్టుకునే చీరకే కరువైనప్పుడు చింపడానికి పాతచీర ఎక్కడిది? గోనెసంచి మీద తాతగారి పాత పంచె పరిచి పడుకోబెట్టామని అమ్మమ్మ చెప్పేది. ఎందుకో ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేది.

ఇంతవరకు చదివి, ఆహా, మన పెద్దల పొదుపు ఎంత గొప్పది అనుకునేవారితో నాకు పేచీ ఉంది. ఈ పద్దులో వ్రాయని ఖర్చులు రెండున్నాయి.

మొదటిది చాకిరి. పొత్తిగుడ్డలు మళ్ళీ మళ్ళీ వాడడం వాటిని ఎవరో ఒకరు ఉతికితేనే సాగుతుంది. పురుటి మైల గుడ్డలను ఇంటివాళ్ళు ముట్టేవారు కారు. చాకలి స్త్రీ వచ్చి తీసుకుపోయి కాలువలో ఉతికి తెచ్చేది. బిడ్డను భూమి మీదికి తెచ్చే మంత్రసాని మంగలి ఇంటి స్త్రీయో, చాకలి ఇంటి స్త్రీయో, దళిత స్త్రీయో అయి ఉండేది. కన్నతల్లి కూడా అంటరానిదైన ఆ పదిరోజులూ ఆమెను అంటుకుని పనిచేసినది వీళ్ళే. ప్రతిఫలంగా చేటలో కొన్ని బియ్యం, కొంచెం నూనె, ఒక పాతచీర. మా తాతగారి చిట్టాలో పురిటి ఖర్చు అంత తక్కువగా కనిపించడానికి కారణం వీళ్ళ కూలి అందులోకి ఎక్కకపోవడమే. వాళ్ళ ఇళ్ళలో పురుళ్ళకు పాతచీరలు ఎవరిచ్చారో, ఎవరుతికారో ఏ చిట్టాలోనూ ఉండదు.

రెండవది మరింత బరువైనది. ప్రాణాన్ని నిలిపే వస్తువులేవో అప్పుడు చాలామందికి తెలియదు. అవి ఖరీదైనవి కావు, చిత్రమేమంటే అన్నిటికంటె చవకైనవి. సబ్బు, మరగబెట్టిన నీళ్ళు, కొత్త బ్లేడు, మరగబెట్టిన దారం. కొడవలితోనో, వెదురుబద్దతోనో, పాతకత్తితోనో బొడ్డు కోయడం, కోసిన చోట బూడిదో పేడో అద్దడం చాలాచోట్ల ఆచారం. ధనుర్వాతం పుట్టించే క్రిమి మట్టిలోనూ పేడలోనూ ఉంటుంది. బొడ్డు దారిన ఒంట్లోకి చేరితే, బిడ్డ మొదట రెండు మూడు రోజులు మామూలుగానే పాలు త్రాగి, ఆ తరువాత దవడలు బిగుసుకుని పాలు పట్టలేక పోతుంది. వారం తిరిగేసరికి అంతా అయిపోతుంది. అమ్మమ్మ చెప్పిన ఏడో రోజు, తొమ్మిదో రోజు లెక్క నేను ఎన్నో ఏళ్ళ తరువాత ఒక వైద్యగ్రంథంలో చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. పట్టుచొక్కా నిర్దోషి.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు పురుడు పోసేవారు చేతులు కడుక్కుంటే తల్లులు బతుకుతారని 1847లోనే చూపించాడు. ఆ మాట కృష్ణ ఒడ్డుకు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చిన దారులలో ఒకటి గుంటూరు. 1883లో అక్కడికి వచ్చిన అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఆడడాక్టరు కనుక ఘోషా పాటించే ఇళ్ళవారూ వచ్చారు. అయితే ఆసుపత్రి ఎంత మంచిదైనా దాని గోడల లోపలికి వచ్చేవారెందరు? పురుళ్ళన్నీ ఇళ్ళలోనే జరుగుతున్నాయి. ఇళ్ళలోకి వెళ్ళగలిగినది పుస్తకం, అదీ తెలుగులో.

అది వ్రాసినవారు బెజవాడలో వైద్యం చేసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ. పుస్తకం పేరు 'ప్రసూతి - శిశుపోషణ'. అచ్చమాంబగారు 1906లో పుట్టారు. తండ్రి కొమర్రాజు లక్ష్మణరావుగారు. తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు రావాలని ఆయన పూనుకున్న విజ్ఞాన చంద్రికా మండలి పుట్టినది కూడా ఆ 1906లోనే. బిడ్డకు పెట్టుకున్నది తన అక్కగారి పేరు. ఆ అక్కగారే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన భండారు అచ్చమాంబ, 1905లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఈ ఇద్దరు అచ్చమాంబలనూ ఒకరుగా పొరబడేవారు నేటికీ ఉన్నారు. మేనత్త స్త్రీల చరిత్ర వ్రాస్తే మేనకోడలు స్త్రీల శరీరం గురించి, వాళ్ళ కడుపున పుట్టిన బిడ్డల గురించి వ్రాసింది.

డాక్టరు అచ్చమాంబగారు మదరాసులో వైద్యం చదివి, తరువాత బెజవాడలో స్థిరపడ్డారు. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమానికి దగ్గరగా ఉండి మహిళాసంఘంలో పనిచేశారు, తరువాత ఆ పార్టీకి దూరమయ్యారు. 1957లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు, 1964లో మరణించారు. మన నగరం ఆమెను రాజకీయాల పద్దులో ఎంతో కొంత గుర్తుపెట్టుకుంది. పుస్తకాన్ని గుర్తుపెట్టుకున్నవారు తక్కువ. స్త్రీలు తమ దేహం గురించి పెద్దగా మాట్లాడుకోకూడని రోజుల్లో, ఇంగ్లీషు రాని ఇల్లాలు చదివి అర్థం చేసుకోగలిగే భాషలో కానుపు గురించి, బిడ్డ పెంపకం గురించి ఒక డాక్టరే పుస్తకం వ్రాయడం చిన్న సంగతి కాదు. ఆ రకం పుస్తకం ఇంట్లోకి రావడానికి అయ్యే ఖర్చు, నా దృష్టిలో, పురిటింటి పద్దులో మొదటి వరుసలో వ్రాయవలసిన ఖర్చు.

వైద్యులు ఇప్పుడు దీనిని అయిదు శుభ్రతలుగా చెబుతారు: చేతులు, కానుపు జరిగే చోటు, బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం, కోసిన మొదలు. 1992లో మొదలైన శిశు సంరక్షణ, సురక్షిత మాతృత్వ పథకం కింద పల్లెల్లో ఇంటికానుపుల కోసం చిన్న పొట్లాలు పంచారు. లోపల సబ్బుముక్క, బ్లేడు, దారం, ప్లాస్టిక్ పట్టా. ఆ పొట్లాలు, గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు, ఆసుపత్రి కానుపులు కలిసి చేసిన పని 2015లో తేలింది. ఆ ఏడాది భారతదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అమ్మమ్మ కానుపుకూ దీనికీ మధ్య 79 ఏళ్ళు.

పారబోసిన సొమ్ము గురించి కూడా చెప్పాలి. కానుపైన వెంటనే వచ్చే ముర్రుపాలు చెడ్డవని పిండి పారేసేవారు. ఆ రెండు మూడు రోజులూ బిడ్డకు తేనె, పంచదార నీళ్ళు, ఆముదం చుక్కలు. రోగాన్ని ఎదుర్కొనే శక్తినిచ్చే, దమ్మిడీ ఖర్చు లేని తొలి ఆహారం నేలపాలు. ఆముదమేమో పొరబాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వచ్చేది. దూడకు జున్నుపాలు త్రాగనివ్వకపోతే దూడ బతకదని తెలిసిన పశుపోషకుల ఇళ్ళలోనే ఇది జరిగేదంటే మనిషి బుద్ధి ఎన్ని గదులుగా ఉంటుందో చూడండి. మాటలు త్వరగా వస్తాయని నాకించే వసకొమ్ము, ఇంటి కాటుక కూడా ఇప్పటి పిల్లల వైద్యులు వద్దంటున్నారు. పెద్దల పద్ధతులన్నీ చవకే కానీ, చవకైనవన్నీ మంచివి కావు.

తరువాతి కాలం డబ్బాపాలది. గేదెపాలను పొడిచేయడం కుదరదన్న విదేశీ నిపుణుల మాటను కాదని ఆనంద్‌లో దలాయా 1950లలో సాధించి చూపితే, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఆ పాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతిని రూపొందించింది. 1960లో అమూల్ దానిని డబ్బాలకెక్కించింది. అదే దశాబ్దంలో యూనిసెఫ్ సాయంతో విజయవాడలోనూ పాల పథకం వచ్చింది. గేదెల సీమ కదా మనది. నేను 1962లో పుట్టాను. అమ్మకు పాలు చాలడం లేదని ఎవరో అంటే నాన్న డబ్బా తెచ్చారట. "నువ్వు డబ్బాపాల పిల్లవే" అని అమ్మ గొప్పగా చెప్పుకునేది. అప్పట్లో అది హోదా. ఆ డబ్బాలు నా పెళ్ళి దాకా మా వంటింట్లో పోపు సామానుకు పనికివచ్చాయి.

హోదా ఉన్నచోట డబ్బు ఖర్చవుతుంది. డబ్బు లేనిచోట ఏమవుతుంది? ఒక డబ్బాను పది రోజులకు బదులు ఇరవై రోజులు రావాలని రెండు చెంచాలకు బదులు ఒక చెంచా వేసి నీళ్ళు కలుపుతారు. నీళ్ళు మరగబెట్టడానికి వంటచెరకు ఆదా చేస్తారు. పొదుపు చేయాలన్న మంచి బుద్ధే బిడ్డను ఎండగడుతుంది. పిల్లల వైద్యుడు డెరిక్ జెలిఫ్ 1968లో ఈ స్థితికి వ్యాపారం పుట్టించిన పోషకాహార లోపమన్న అర్థంలో ఒక పేరే పెట్టాడు. 1974లో బ్రిటన్‌లో 'ది బేబీ కిల్లర్' అన్న చిన్న పుస్తకం వెలువడి గగ్గోలు పుట్టించింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాలకు బదులుగా అమ్మే సరుకుల ప్రచారంపై నియమావళిని ఆమోదించింది. మన దేశంలో దానికి చట్టరూపం 1992లో వచ్చింది. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయడం కూడా నిషిద్ధమైంది. మా అమ్మాయి పుట్టినది ఆ ఏడాదే. నేను డబ్బా కొనలేదు. చట్టం తెలిసి కాదులెండి, కానుపు చేసిన నర్సమ్మ కసిరింది కాబట్టి.

తల్లికి నిజంగానే పాలు రాకపోవడం, తల్లి జబ్బుపడడం ఉంటాయి. అలాంటప్పుడు డాక్టరు చెప్పిన పొడి, చెప్పిన కొలతలోనే పట్టాలి. అక్కడ పొదుపు పనికిరాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు నీట మునిగినప్పుడు, డ్రోన్లతో ఆహారం జారవిడుస్తున్న దృశ్యాలు చూస్తూ నేను ఆలోచించినది ఇదే. కరెంటు లేదు, గ్యాసు లేదు, చుట్టూ నీరే కానీ త్రాగే నీరు లేదు. ఆ మేడల మీద చిక్కుకున్న తల్లులలో బిడ్డకు చనుబాలిస్తున్న తల్లికి ఒక్క దిగులు తక్కువ.

సర్కారు చేతి ఊయల కథ కూడా ఈ పద్దులోదే. ఫిన్లాండ్‌లో 1930లలో వెయ్యిమంది బిడ్డలలో 65 మంది ఏడాదిలోపే పోయేవారు. 1938 నుండి అక్కడి ప్రభుత్వం పేదతల్లులకు ఒక అట్టపెట్టె ఇవ్వసాగింది. లోపల బిడ్డ బట్టలు, పక్కబట్టలు. అడుగున చిన్న పరుపు వేస్తే పెట్టే మంచమవుతుంది. 1949లో దానిని తల్లులందరికీ విస్తరించారు. షరతు ఒక్కటే, నాలుగో నెల దాటక ముందే వైద్యుల దగ్గరికి వెళ్ళి చూపించుకోవాలి. పెట్టె కోసం వెళ్ళిన తల్లికి పరీక్ష జరుగుతుంది. యుద్ధకాలంలో అక్కడా గుడ్డకు కరువు వచ్చి, పెట్టెలో కొన్ని గుడ్డలకు బదులు కాగితపు దుప్పట్లూ కాగితపు చుట్టుగుడ్డలూ పెట్టారట. మా మేనమామను గోనెసంచి మీద పడుకోబెట్టిన రోజులే అవి. తరువాత ఆ పెట్టెలో నుండి పాలసీసాను తీసేశారు, తల్లిపాలు ఇవ్వాలని. ఒకసారి వాడి పారేసే డైపర్లు చేరాయి, 2006లో మళ్ళీ గుడ్డలే వచ్చాయి.

మన దగ్గర 2005లో జనని సురక్ష యోజన వచ్చింది. ఆసుపత్రిలో కానుపైతే మనలాంటి రాష్ట్రాలలో పల్లెతల్లికి 700, పట్నపుతల్లికి 600 రూపాయలు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రులలో ఎన్టీఆర్ బేబీ కిట్లు, దోమతెరతో చిన్నపరుపు, తువ్వాలు వగైరాలతో. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్, దానితోపాటు విడతలుగా 12,000 రూపాయలు, ఆడపిల్ల అయితే 13,000. సంచి మీది పేర్లూ బొమ్మలూ ప్రభుత్వాలతోపాటు మారిపోతాయి. అయినా ఫిన్లాండ్ పెట్టెలోని కిటుకు వీటిలోనూ ఉన్నది. సబ్బుకోసమో దోమతెరకోసమో ఆసుపత్రికి వచ్చిన తల్లి శుభ్రమైన బ్లేడు దగ్గరికి వచ్చినట్టే.

ఇవన్నీ ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి చెప్పాను. చెప్పనిది చొక్కా కథ ఒక్కటే. నిండుగర్భిణితో అది ఎలా చెప్పను? ఆమె జాబితా తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరం కలిసి కొట్టివేతలు మొదలుపెట్టాం. పక్కగది ఏడుపు వినిపించే పరికరం పోయింది, మా ఇంట్లో ఉన్నవే రెండు గదులు. ఆవాల దిండు పోయింది. పసిబిడ్డ పక్కలో దిండే వద్దని డాక్టర్లంటున్నారు. గుడ్డలు వెచ్చబెట్టే పెట్టె పోయింది, బెజవాడ వేసవిలో దానితో పనేమిటి? కూర్చోబెట్టి తోసే వాకరు పోయింది. ప్రమాదాలెక్కువని కెనడాలో 2004లోనే దానిని నిషేధించారు. సీసాలూ వాటిని ఉడికించే యంత్రమూ "అవసరమైతే చూద్దాం" అన్న గడిలోకి వెళ్ళాయి. ఊయల మా చెల్లెలి ఇంట్లో అటక మీద ఉన్నది. డైపర్ల దగ్గర మాత్రం బేరం కుదరలేదు.

"రాత్రిపూట ఉండాలమ్మా. గుడ్డలు ఎవరుతుకుతారు? నువ్వా?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా తాతగారి చిట్టాలోనూ లేదు. రాత్రికి డైపర్లు, పగలు గుడ్డలు, ఉతకడానికి యంత్రం అని తేల్చుకున్నాం. ఆసుపత్రికి కారు ఖర్చు, టీకాల ఖర్చు, తల్లికి మందులూ పండ్లూ అని నేను కొత్తగా మూడు వరుసలు చేర్చాను. నలభై ఏడు వరుసలలోనూ అంతవరకు తల్లి కోసం ఒక్కటీ లేదు!

మరునాడు ఉదయం ఆటో ఎక్కి కుమ్మరిపాలెం మీదుగా, ఇంద్రకీలాద్రి పక్కగా వన్‌టౌన్ వెళ్ళాను. వస్త్రలతలో తానులో నుండి తెల్ల మల్లుగుడ్డ చింపించుకుని, ఒక రబ్బరుషీటు, నాలుగు తువ్వాళ్ళు కొన్నాను. ఇంటికి వచ్చి గుడ్డను వేడినీళ్ళలో ఉతికి, ట్రంకుపెట్టెలోని చీరలను కూడా వేడినీళ్ళలో వేశాను. రెండు చీరలు నీళ్ళలోనే పీలికలయ్యాయి, రెండు నిలిచాయి. మేడ మీద తీగకు ఆరవేస్తుంటే అమ్మాయి మెల్లగా మెట్లెక్కి వచ్చింది. దూరంగా ఏటి మధ్య భవానీ ద్వీపపు చెట్లు ఎండలో మెరుస్తున్నాయి.

"పెట్టె అడుగున చిన్న పట్టుచొక్కా ఉందేం? చాలా బాగుంది. ఎవరిదమ్మా?" అంది.

"మా పెద్ద మేనమామది" అన్నాను.

"మీకు పెద్ద మేనమామ ఉన్నాడా?" అంది ఆశ్చర్యంగా.

చీర కొసను తీగ మీద సరిచేసి, కూర్చోమని ఆమెకు కుర్చీ లాగాను.